ఉప్పు కాపడం

ఇంకొల్లు,
24 మార్చి 2003

అక్కయ్యకు,

తమ్ముడు బుల్లయ్య దణ్ణం పెట్టి రాస్తున్నాడు. ఎప్పుడూ రాసేటట్టు మేం కులాసా అని ఒక్క ముక్క రాసి ఊరుకుంటే ఈసారి నా కడుపు పగిలిపోతుంది. ఫోను చేద్దామంటే ఎస్టీడీ బూత్ వాడు తలుపు వెయ్యనివ్వడు, బయట బెంచీ మీద నలుగురు చెవులు నిక్కబొడుచుకుని కూర్చుంటారు. నా సంతోషం ఆ సోమరిపోతులకెందుకు? అందుకని కాయితం తీశాను. నాది ఐదో తరగతి చదువు. తప్పులుంటే దిద్దుకో, నువ్వు ఎనిమిది దాకా వెలగబెట్టావుగా!

మొన్న మిరపకాయలు గుంటూరు యార్డుకి వేసి, అటునుంచి అటే మన జ్యోతి ఇంటికి వెళ్ళాను. గేటు తియ్యకముందే లోపల్నుంచి నవ్వు. ఎవరమ్మా ఇంత విరగబడి నవ్వుతోంది అనుకున్నా. నా కూతురక్కయ్యా! నా జ్యోతిర్మయి! పక్కింటి జోహరాబీ గోడ మీంచి తొంగిచూసి, "మీ అమ్మాయి రోజూ ఇంతే బాబాయ్, మాకు టీవీ ఖర్చు తప్పింది" అంది. నాకు కళ్ళమ్మట నీళ్ళు ఆగలేదు. మిరపఘాటు అని తుండుగుడ్డతో తుడుచుకున్నా.

పెళ్ళినాడు పెదకాకానిలో మన పెదనాన్న కొడుకు త్యాగరాజన్నయ్య కొబ్బరిముక్క నములుతూ ఏమన్నాడో గుర్తుందా? "ముప్పై ఆరేళ్ళప్పుడు విడాకులైన పిల్లకి రెండో పెళ్ళేమిట్రా, ఆర్నెల్లు చాలు, మూట కట్టుకుని వచ్చేస్తది." ఆ నోట్లో కొబ్బరి కాదు, రాయి పెట్టాల్సింది. ఆయన పెళ్ళాం కోటేశ్వరమ్మ వదినైతే అల్లుణ్ణి కిందనుంచి పైదాకా చూసి, "కోల్డ్ స్టోరేజీలో చేస్తాడంట, మనిషి కూడా అంతే చల్లగా ఉన్నాడు" అంది. ఏం, నువ్వు చేసుకున్నవాడు నిప్పుకణికా? కూర్చుంటే లేవడు, లేస్తే కూర్చోడు!

మన శ్రీకృష్ణ బంగారం అక్కయ్యా. నలభై దాటినా పెళ్ళి కాలేదంటే ఏదో లోపం అన్నారు. లోపమల్లా ఒకటే, గట్టిగా మాట్లాడటం రాదు. రోజంతా ఆ చలిగదుల్లో మిర్చి బస్తాల మధ్య తిరిగి, ఇంటికొచ్చి వాకిట్లో కుర్చీ వేసి దాని జడ చిక్కు తీస్తాడు. నేను చూడనట్టు ఆవలి వైపు తిరిగి కూర్చున్నా.

ఒక విచిత్రం. నేను పెళ్ళికి కొనిచ్చిన ఫ్రిజ్జులో కూరలుండవు, పాలుండవు. పై అరలో అన్నీ ఐసుముక్కల ట్రేలే! పైగా జ్యోతి, "నాన్నా, చినగంజాం రాళ్ళుప్పు ఒక బస్తా పంపు, పాత నేతపంచెలు కూడా పంపు" అంది. ఊరగాయల రోజులింకా రాలేదు, ఇద్దరు మనుషులు అంత ఉప్పు ఏం తింటారక్కయ్యా? సరే, అడిగింది కాబట్టి పంపుతున్నా. అడిగితే ఉప్పు సముద్రమే పంపుతా.

ఎండలు ముదిరినా పిల్ల పైట రెండు భుజాలూ కప్పుకునే తిరుగుతోంది. ఎంత మర్యాద నేర్చిందో.

నీ తమ్ముడు
బుల్లయ్య

*

పొన్నూరు,
2 ఏప్రిల్

ఒరేయ్ బుల్లిగా,

దీర్ఘాయుష్షు, దానితోపాటు కాస్త బుద్ధి కూడా కలగాలని అక్క దీవెన.

నీ ఉత్తరం చదివి మనవరాలు కూడా నవ్వింది. డెబ్భై ఏళ్ళొచ్చాక ఆనందం పట్టలేక కాయితమంతా చిందులు తొక్కినవాణ్ణి నిన్నే చూశా. పొంగిన పాలు పొయ్యి పాలేరా.

పైట రెండు భుజాలూ కప్పుకుందన్నావే, దాన్ని మర్యాద అన్నావే! వెర్రివాడా! ఆ కోటేశ్వరమ్మ పన్ను పీకించుకోవటానికి గుంటూరు వెళ్ళి జ్యోతి ఇంట్లో రెండు రోజులుంది. స్నానం చేసి వస్తున్న పిల్ల వీపు చూసిందిట. కుడిరెక్క కింద అరచేతి వెడల్పున కాలిన మచ్చ. పొక్కి, పొర లేచి, ఎర్రగా ఉందిట. "వాత పెట్టాడు సుబ్బరావమ్మా, మన పిల్లకి వాత పెట్టాడు" అని మా ఇంటికొచ్చి రాగాలు తీసింది. పన్ను పోయిన నోటితో కూడా మాట మాత్రం స్పష్టంగా వస్తుంది దానికి. నేను దాని మొగుడి గుమ్మం తొక్కి పన్నెండేళ్ళయింది, అది మాత్రం మా ఇంటికి తిండివేళకి తప్పకుండా వస్తుంది.

కోటేశ్వరమ్మ నాలుక నాకు తెలుసు. కానీ కళ్ళు మంచివే. చూడనిది చూశానని చెప్పదు, చూసినదానికి చిలవలు పలవలు అల్లుతుంది.

ఆ మొదటివాడి దగ్గర నాలుగేళ్ళు ఎలా గడిపిందో మర్చిపోయావా? మోచేతుల మీద బీడీ మచ్చలు. అడిగితే "ఏం లేదు అత్తా, నూనె చిట్లింది" అనేది. అప్పుడూ నువ్వు ఇలాగే, పిల్ల కాపురం చక్కగా ఉందని ఊరంతా చాటుకొచ్చావు. నవ్వొకటి వినపడగానే కళ్ళు మూసుకుపోయాయా? నవ్వు బయటికి, వాత లోపలికి. చలిగది మనిషట! చల్లటివాడే ఒక్కోసారి బాగా కాలుస్తాడు.

త్యాగరాజు ఈ నెలలోనే మంచిరోజు చూసి పెద్దల్ని కూర్చోబెట్టి, పిల్లని వెనక్కి తెచ్చేస్తానంటున్నాడుట. మొదటిసారి నాలుగేళ్ళకి గానీ నోరు తెరవనివాడు ఇప్పుడు పరుగులు పెడుతున్నాడు. ఆర్నెల్లు అన్న తన మాట నెగ్గాలి కదా!

నువ్వు కళ్ళు తుడుచుకుని నిజం చూడు. ఈసారి మిరపఘాటు అనకు.

అక్క
సుబ్బరావమ్మ

*

ఇంకొల్లు,
7 ఏప్రిల్

అక్కయ్యకు,

నీ ఉత్తరం వచ్చిన దగ్గర్నుంచీ అన్నం సయించలేదు. కోపంతో ముందు నీకు నాలుగు పేజీలు తిట్లు రాశాను. చించేశాను. కోటేశ్వరమ్మ చెప్పిన మాట పట్టుకుని బంగారంలాంటి అల్లుణ్ణి అనటానికి నీకు నోరెలా వచ్చింది? ఆవిడ కిందటేడు మన కల్లంలో ఆరబోసిన కాయల్లో పాము చూశానని ఊరంతా పరిగెత్తించింది. తీరా చూస్తే మోటారు బెల్టు!

అలా తిట్టుకుంటూనే కూలివాళ్ళని కల్లంలో వదిలేసి బస్సెక్కి గుంటూరు వెళ్ళాను. అల్లుడు డ్యూటీకి పోయాడు. "ఏమ్మా, ఒంట్లో ఎలా ఉంది?" అన్నా. "బాగున్నాను నాన్నా." "వీపు మీద ఏదో..." అని ఆగిపోయా. అక్కయ్యా, పిల్ల మొహం ఎర్రబడింది. పైట సర్దుకుంది. "ఏం లేదు నాన్నా" అంది.

ఏం లేదు నాన్నా. ఆ మాటే! నాలుగేళ్ళు నేను విన్నది ఆ మాటే. ఇచ్చిన మజ్జిగ కూడా తాగకుండా వచ్చేశా.

అయితే ఒక తేడా ఉంది. అప్పుడు ఆ మాట అన్నప్పుడు దాని కళ్ళు నేల మీద ఉండేవి. ఇప్పుడు నేల మీద లేవు. ఎక్కడున్నాయో నాకు చెప్పటం చేతకాదు. తండ్రిని, ముసలాణ్ణి, ఎదిగిన కూతుర్ని అంతకంటే ఏం అడుగుతాను? వాళ్ళమ్మ ఉంటే అడిగేది.

త్యాగరాజన్నయ్య నిన్న వచ్చి, నా మంచం మీద కూర్చుని, నా చుట్ట కాలుస్తూ, "ఈ నెల ఇరవయ్యారున కూర్చుందాం. పిల్లని ఇక్కడే ఆపేసి, వాడి మీద స్టేషన్లో కాయితం పెడదాం" అన్నాడు. పక్కింట్లో గేదె ఈనినా పంచాయతీ పెట్టే పెద్దమనిషి! ఇక్కడ ఆపేస్తే నా పిల్ల నవ్వు మళ్ళీ వినపడదక్కయ్యా. ఆపకపోతే, అది వాతే అయితే, రెండోసారీ నేనే దాన్ని తీసుకెళ్ళి మంటలో పెట్టినవాణ్ణవుతా.

నువ్వు వెళ్ళు. నీకు సిగ్గు లేదు (తప్పుగా అనుకోకు, మెచ్చుకోలే). నువ్వడిగితే చెబుతుంది. ఇరవయ్యారు లోపల నాకు నిజం కావాలి, అది ఎలాంటిదైనా సరే.

బుల్లయ్య

*

పొన్నూరు,
16 ఏప్రిల్

బుల్లిగా,

వెళ్ళాను, వచ్చాను. సగం రాస్తాను, సగం మింగుతాను. చదివి పొయ్యిలో పెట్టు. పెట్టకపోతే నా మీద ఒట్టే.

ముందు ఒక ముక్క చెబుతా, అన్నం తిను. నీ అల్లుడు వాత పెట్టలేదు.

ఇక విను. గుమ్మంలోనే పట్టుకున్నా. "ఎవడే నీకు వాత పెట్టింది?"

"వాత కాదత్తా. కాపడం."

"కాపడం దేనికే, వీపు పట్టేసిందా?"

"లేదు."

"చలిజ్వరమా?"

"లేదు."

"మరి ఏ రోగమని పెట్టాడే?"

తల వంచుకుంది. ఏడుస్తోందేమోనని గడ్డం పట్టి ఎత్తితే నవ్వాపుకుంటోందిరా! లాగి ఒకటి ఇద్దామనుకున్నా. ఆనక నాకే అర్థమైంది. నాకు అర్థమయ్యేదాకా అది ఓపిగ్గా ఊరుకుంది, ఆ మాత్రం తెలివుంది.

సంగతి ఇది. చలిగదిలోంచి వచ్చినవాడి చేతులు మంచులా ఉంటాయి కదా. కిందటి ఎండల్లో ఏనాడో ఆ చెయ్యి దీని మెడ మీద పెడితే కెవ్వుమందిట. తర్వాత, మళ్ళీ పెట్టు అందిట. అక్కడ మొదలు. ఆపైన నీ ఫ్రిజ్జు ఐసుముక్కలు, నీ చినగంజాం ఉప్పు, నీ నేతపంచెల్లో కట్టిన వేడి మూటలు. చల్లన కాసేపు, వెచ్చన కాసేపు. మొగుడూ పెళ్ళాల ముచ్చట. సరంజామా అంతా నువ్వే బస్తాల్లో చేరవేసి, ఇంత ఉప్పెందుకు అని నన్నడుగుతావు! ఇంతకంటే రాయను.

వయసొచ్చిన ఇద్దరు, తలుపేసుకుని, ఇష్టపడి ఆడుకునే ఆట మన పెద్దల పంచాయతీలో పడిందంటే వీళ్ళ బుద్ధిలేనితనం వల్లే. అందుకని ఇద్దర్నీ కూర్చోబెట్టి ఉతికి ఆరేశాను. శ్రీకృష్ణ బడిలో దొంగతనం పట్టుబడ్డ పిల్లాడిలా నిలబడ్డాడు. "నా తప్పేనండి పెద్దమ్మ గారూ. పొద్దుటినుంచీ చలిగదిలోనే ఉన్నా. మూట అరచేతిలో పెట్టుకుని చూస్తే గోరువెచ్చగానే అనిపించింది. చెయ్యి మొద్దుబారిందని తట్టలేదు" అన్నాడు.

"మరి నీకేమైందే? కాలుతుంటే నోరు పడిపోయిందా?"

"ముందు ఐసు పెట్టించుకున్నాగా అత్తా, అక్కడంతా తిమ్మిరెక్కింది. తర్వాత మంట పుట్టింది. ఆయన చేతులకి కారం ఉండిపోయిందేమో, రోజూ ఉండే మంటేగా అనుకున్నా."

విన్నావా! వీళ్ళని ఏమనాలి? మిరపనేల మీద పుట్టి, కాయలు కోసి, తొడాలు తుంచి, మంటలో ఏది కారమో ఏది నిప్పో తెలియనంత మొద్దు చర్మాలు మనవి! ఇంకెక్కడైనా పుట్టిన పిల్లైతే చురుక్కుమనగానే అరిచేది. ఇది గుంటూరు కారమే కదా అని ఊరుకుంది. అప్పటికి వీపు ఉడికింది.

కాలాక వాడేం చేశాడో తెలుసా? ఐసుముక్క తెచ్చి పుండు మీద అదిమాడు. దాని మీద టూత్‌పేస్టు పులిమాడు. కాలిన చోటికి పళ్ళున్నాయిరా, తోమటానికి? డాక్టరమ్మ ఇద్దరికీ చీవాట్లు పెట్టిందిట. కాలినప్పుడు మామూలు చన్నీళ్ళు ధారగా పోస్తూ చాలాసేపు కూర్చోవాలిట. ఐసు పెడితే కాలిన తోలు ఇంకా చెడుతుందిట. పేస్టూ సిరా వెన్నా ఏదీ పుయ్యకూడదు, బొబ్బ చిదమకూడదు. శుభ్రమైన బట్ట కప్పి తన దగ్గరికి రావాలి అంది. ఆవిడకి వీళ్ళు ఉన్నదున్నట్టే చెప్పారట. ఆవిడ ముక్కు విరవలేదు, నీతులు చెప్పలేదు. చదువంటే అది.

నేను నా వంతు తగిలించా. మూట వేడి చూసేది అరచేత్తో కాదు, ముంజేతి లోపలివైపు. పసిబిడ్డ స్నానానికి వేన్నీళ్ళలో చన్నీళ్ళు తొరిపేటప్పుడు చూడమూ? చలిగదినుంచి వచ్చినవాడు ముందు ఒళ్ళు మామూలు వేడికి వచ్చేదాకా కుదురుగా కూర్చోవాలి. మిర్చి ముట్టిన చేతులకి నూనె రాసి, తర్వాత సబ్బుతోనో శనగపిండితోనో రెండుసార్లు కడగాలి, వట్టి నీళ్ళకి కారం పోతుందా? పోదు, ఒళ్ళంతా పాకుతుంది. ఐసు ఒకేచోట ఆనించి ఉంచితే అది కూడా వాతే. గుడ్డలో చుట్టి కదుపుతూ ఉండాలి. ఐసు పెట్టిన చోట తిమ్మిరి వదలందే వేడి తగలనివ్వకూడదు. మూట ఉంచెయ్యకూడదు, తాకించి తియ్యాలి. కళ్ళూ మొహమూ సున్నితమైన చోట్లూ జోలికి పోకూడదు. బకెట్టు నిండా మంచినీళ్ళు పక్కన ఉండాలి. కల్లు ముట్టిన రోజు ఈ ముచ్చట వద్దు. వాడు ముట్టడటలే, అయినా చెప్పా.

అన్నీ విని జ్యోతి, "మాకూ ఒక కట్టుబాటుంది అత్తా. నేను చాలు అంటే ఆయన ఆ క్షణం ఆపెయ్యాలి. ఎందుకని అడగకూడదు. ఆయన అన్నా అంతే. ఆ రోజు నేనే అనలేదు. ఇప్పుడిక ఏ మంటైనా సరే, ముందు చాలు అనటమే, తర్వాతే కారమో నిప్పో చూసుకోవటం" అంది.

నాకు ఒళ్ళు మండి, "అసలు నిప్పుతో నీకు సరదా ఏమిటే, ఆ బీడీ మచ్చలు మానకముందే?" అనేశాను. అనకూడనిదే. అది కోపం తెచ్చుకోలేదు. "అప్పుడు నేను ఎన్నిసార్లు చాలు అన్నా ఆగలేదు అత్తా. ఇప్పుడు వేడీ చల్లనా రెండూ నా మాట వింటాయి" అంది.

వాళ్ళింట్లో అన్నం తిని వచ్చాను.

ఇరవయ్యారున నేను రాను, త్యాగరాజు గుమ్మం తొక్కనని నీకు తెలుసు. కానీ ఒక ఆయుధం పంపుతున్నా. వాడికి సుగరు. కిందటి చలికాలంలో వాడి మడమ పుండుకి ఆరు వారాలు కట్టు కట్టారే, అది ముల్లు గుచ్చుకుని కాదు. కాలు లాగుతోందంటే కోటేశ్వరమ్మ వేన్నీళ్ళ సంచీ పెట్టి నిద్రపోయింది. సుగరున్న కాలికి వేడి తెలియదుగా, ఉడికింది. ఇది కోటేశ్వరమ్మే నా దగ్గర ఏడ్చింది. ఎప్పుడు వాడాలో నీకు తెలుస్తుంది.

అక్క

*

ఇంకొల్లు,
28 ఏప్రిల్

నా తల్లిలాంటి అక్కయ్యకు,

పొయ్యిలో పెట్టాను. పెట్టేముందు రెండుసార్లు చదివాను. కాసేపు సిగ్గేసింది. కల్లంలోకి వెళ్ళి ఒంటరిగా నిలబడితే నవ్వొచ్చింది. తర్వాత, చెప్పొద్దూ, ఎండుతున్న కాయల మధ్య కూర్చుని ఏడ్చాను. ఈసారి ఘాటు కాదు.

పంచాయతీ సంగతి రాస్తాను, పీట వేసుకుని కూర్చో.

త్యాగరాజన్నయ్య వసారాలో పడక్కుర్చీ వేయించుకుని జడ్జీలా కూర్చున్నాడు. ఏడుగురు పెద్దలు. పెద్దలంటే వయసుకే. ఒకాయన వచ్చిన దగ్గర్నుంచీ నిద్రే. వదిన గుంజ పక్కన, ఇంకా ఏమీ జరక్కముందే కొంగు కళ్ళకద్దుకుంటోంది. జ్యోతీ అల్లుడూ ఉదయం బస్సుకి వచ్చారు. వాడు నిలబడే ఉన్నాడు. కూర్చోమన్నవాడు లేడు.

"ఇదిగో శ్రీకృష్ణా, మా పిల్ల వీపు కాలింది. కాల్చింది నువ్వా కాదా?" అన్నాడు అన్నయ్య.

"నేనేనండి" అన్నాడు వాడు. వాడికి అబద్ధం కూడా గట్టిగా చెప్పటం రాదు, నిజం మాత్రం చెప్పేస్తాడు.

"విన్నారా! ఒప్పుకున్నాడు! ఇక మాటలెందుకు, పిల్ల ఇక్కడే ఉంటుంది, కాయితం రాయండి" అని తొడ చరిచాడు.

అప్పుడు జ్యోతి లేచింది. పైట ఒక భుజం మీదే ఉందక్కయ్యా. "పెదనాన్నా, సగమే విన్నారు. కాపడం పెట్టారు. పెట్టమన్నది నేను. వేడి ఎక్కువై కాలింది. డాక్టరుకి చూపించాం, మానింది."

"కాపడం ఎందుకమ్మా, నొప్పా?" అన్నాడు నిద్రపోతున్నాయన, సరిగ్గా అప్పుడే లేచి.

"నొప్పేం లేదు తాతయ్యా. బాగుంటుందని పెట్టమన్నా."

ఏడుగురు పెద్దలు ఏడు దిక్కులు చూశారు. దొడ్లో అంట్లు తోముతున్న ఖాజాబీ చేతిలో గిన్నె జారి ఖంగుమంది, ఆ వెంటనే కిసుక్కున నవ్వు. అన్నయ్య మొహం పండు మిరపకాయ. "సిగ్గు లేకపోతే సరి! మొగుడు ఒళ్ళు కాలుస్తుంటే బాగుంటుందట! కాల్చినవాణ్ణి పోలీసులకి పట్టించాల్సిందే!" అన్నాడు.

ఇదే అదను అనుకున్నా. గొంతు సవరించుకుని, "పట్టిద్దాం అన్నయ్యా. అయితే ఒకటే బండి మాట్లాడదాం, వదినని కూడా ఎక్కిద్దాం. నీ మడమ కాల్చింది ఆవిడేగా?" అన్నా.

"అయ్యో, నేను కావాలని కాల్చానా!" అని వదిన ఒక్కసారి గుంజ వదిలి ముందుకొచ్చింది. "కాలు లాగుతోంది, సంచీ పెట్టవే అని ఆయనే అడిగాడు! ఆయన అడిగితేనే పెట్టా!"

"అదే వదినా. మా అమ్మాయి కూడా అదే మాట అంది. అడిగితే పెట్టాడు. నువ్వు పెట్టి నిద్రపోయావు, వాడు పెట్టి డాక్టరు దగ్గరికి పరిగెత్తాడు. మరి ఇద్దర్లో ఎవరికి ఎక్కువ శిక్ష వెయ్యాలో పెద్దలు చెప్పండి."

నిద్రాయన నవ్వటం మొదలుపెట్టాడు. ఆయన నవ్వుకి దగ్గొచ్చింది, దగ్గుకి మిగతావాళ్ళు లేచారు. అన్నయ్య కాలు పడక్కుర్చీ కిందికి లాక్కున్నాడు. ఇంత పంచాయతీ, అంత ఊపు, ఆఖరికి మజ్జిగ కూడా ఇవ్వకుండానే తేలిపోయింది!

నేను అల్లుడి చెయ్యి పట్టుకుని బస్టాండు దాకా ఊళ్ళోంచి నడిపించుకెళ్ళాను. దగ్గర దారి ఉన్నా బజారు మీంచే వెళ్ళా. చూసి చావండని. వాడి అరచెయ్యి వెచ్చగా ఉందక్కయ్యా.

ఆనందంతో
బుల్లయ్య

*

పొన్నూరు,
6 మే

బుల్లిగా,

అంత పొంగిపోకు. నా ఆయుధంతో నెగ్గి, నీ నోటి ప్రతాపంలా రాసుకున్నావు. పోనీలే, ముసలితనంలో ఒక గెలుపు.

కోటేశ్వరమ్మ నిన్న వచ్చింది. నన్ను తిట్టటానికని వచ్చి, మూడు అరిసెలు తిని, పోయేముందు వాకిట్లో నిలబడి చిన్న గొంతుతో ఏమడిగిందో తెలుసా? "సుబ్బరావమ్మా, ఆ ఉప్పు... చినగంజాం రాళ్ళుప్పేనా, ఏదైనా పర్లేదా?" సుగరు మొగుడి మీద ప్రయోగాలు చేస్తే ఈసారి నేనే కాయితం పెడతానని చెప్పి తలుపేశా.

నువ్వు అడగలేదు గానీ, అడగాలనుకుని ఉంటావు. మీ బావ బతికున్న రోజుల్లో మా ఇంట్లో ఫ్రిజ్జు లేదు. ఎండాకాలం కొత్తకుండ ఉండేది. ఇంతకంటే ఒక్క అక్షరం రాయను.

ఆ పిల్లలకి నేను చెప్పిన జాగ్రత్తలు పాటిస్తున్నారో లేదో కనుక్కో. ఎలా కనుక్కుంటావో నీ ఇష్టం. వెర్రిమొహం పెట్టుకుని నేరుగా అడక్కు.

అక్క

*

ఇంకొల్లు,
1 జూన్

అక్కయ్యకు,

కనుక్కున్నాను. నేరుగా అడగలేదు, నీ మీద ఒట్టు.

కొత్త ఆవకాయ జాడీ, ఇంకో బస్తా ఉప్పు, మందపాటి తువ్వాళ్ళు నాలుగు తీసుకుని గుంటూరు వెళ్ళా. ఉప్పు బస్తా దించుతూ అల్లుడితో, "ఏదైనా ముందు ముంజేతి లోపలివైపే చూసుకోవాలి నాయనా" అన్నా, ఆకాశంలోకి చూస్తూ. వాడి చెవులు కందిపోయాయి. పెరట్లో సబ్బు పక్కన నూనెసీసా, శనగపిండి డబ్బా ఉన్నాయి. చూశాను, చూడనట్టున్నాను.

మధ్యాహ్నం అన్నాలకి కూర్చున్నాం. అల్లుడే వడ్డించాడు. ఆ రోజు వాడికి సెలవు, జ్యోతిని కూర్చోబెట్టాడు. ఆవకాయ అన్నంలో దానికి నెయ్యి పోస్తున్నాడు. "చాలు" అంది, నాతో ఏదో చెబుతూ, వాడి వైపు చూడను కూడా చూడకుండా.

గరిటె ఆగిపోయిందక్కయ్యా. అంచున ఒక చుక్క వేలాడుతోంది. ఆ చుక్క కూడా పడకుండా చటుక్కున గిన్నె వైపు తిప్పేశాడు.

మన ఇళ్ళల్లో చాలు అంటే ఇంకో గరిటె అని కదా! విస్తరి మీద చెయ్యి అడ్డం పెడితే వేళ్ళ సందుల్లోంచి పోసే జాతి మనది. అదే మర్యాద అనుకుని డెబ్భై ఏళ్ళు బతికా. ఆ మొదటివాడు పెళ్ళిలో నాకు వద్దు వద్దంటున్నా బూరెలు వడ్డించి, పంక్తంతా మెచ్చుకునేలా బలవంతపెట్టాడు. ఎంత మర్యాదస్తుడో అని ఆ రోజు నేను మురిసిపోయా. నా కళ్ళు మండిపోను!

నా దగ్గరికి వచ్చాడు. నాకు నెయ్యంటే ప్రాణమని నీకు తెలుసు. అన్నం మీద ఇంకా ఒక్క చుక్కైనా పడలేదు. అయినా చూద్దామని, "చాలు" అన్నా.

ఆపేశాడక్కయ్యా. ఎందుకని కూడా అడగలేదు.

ఆ పూట ఆవకాయ అన్నం నెయ్యి లేకుండానే తిన్నాను. అంత రుచైన అన్నం పుట్టి బుద్ధెరిగి తినలేదు.

నీ తమ్ముడు
బుల్లయ్య